పట్టు చేతుల ఇల్లు

ఆ ఇంటి పంచలో నిలబడి ఎవరైనా "అమ్మా!" అని కేకేస్తే లోపల్నించి ముగ్గురు పలుకుతారు. "ఏ అమ్మ కావాలి?" అని మళ్లీ లోపల్నించే ప్రశ్న. చాట్రాయికి నాలుగు కిలోమీటర్ల అవతల, మామిడితోటల నడుమ ఉన్న ఆ పేటలో ఈ వేళాకోళం తెలియనివాళ్లు లేరు.

నాంచారమ్మకి ఎనభై నాలుగేళ్లు. ఆమె కూతురు తిరపతమ్మకి అరవై ఆరు. తిరపతమ్మ కూతురు రాజ్యలక్ష్మికి నలభై ఎనిమిది. రాజ్యలక్ష్మి కూతురు నవ్యకి ఇరవై అయిదు. పై ఇద్దరికీ భర్తలు పోయారు కాబట్టి రాజ్యలక్ష్మి దగ్గరే ఉంటున్నారు. రాజ్యలక్ష్మి మొగుడు సాంబయ్య తోట కాపలాదారు. "ఈ ఇంట్లో నా మాట వినపడాలంటే నలుగురూ ఒకేసారి నిద్రపోవాలి" అంటాడు. అందరికంటే పెద్దామెని ఇంట్లోనూ వీధిలోనూ తాతమ్మ అనే పిలుస్తారు.

ఇంతమంది ఒకే కప్పు కింద బతికి ఉండడం అదృష్టమని ఊరంతా అనేది. రాజ్యలక్ష్మి కూడా చాలా ఏళ్లు అలాగే అనుకుంది. అటు ఇద్దరు, ఇటు ఒకరు, మధ్యలో తను. మధ్యలో ఉన్న మనిషికి రెండు వైపులా కనపడుతుంది. ఆ కనపడడమే ఆమెని తినేసింది.

ఆ ఇంటి ఆడవాళ్లకి 'పట్టు చేతులు' అని పేరు. కోతల రోజుల్లో చెట్టెక్కినవాడు గెడకి కట్టిన చిక్కానికి అందని కాయల్ని కోసి కిందకి వదులుతాడు. కింద ఇద్దరాడవాళ్లు గోతం మూలలు పట్టుకుని ఆ కాయని అందుకోవాలి. మూల జారితే కాయ నేలపడి దెబ్బతింటుంది. దెబ్బకాయ పెట్టెలో పక్కకాయల్ని కూడా పాడుచేస్తుంది. నాంచారమ్మ సంతతి చేతుల్లోంచి గోతం మూల జారిన రోజు లేదు. వాళ్ల చెయ్యి పట్టుకున్నదాన్ని వెంటనే వదలదు. వదలమన్నా వదలదు. వేళ్లు ఒక్కొక్కటే, బద్ధకంగా, విచ్చుకుంటాయి.

"ఈ ఇంటి ఆడాళ్లుంటే నా కాయకి నేల ఎలా ఉంటుందో తెలీదయ్యా" అనేవాడు తోట ఆసామి లక్ష్మీనరసింహారావు. కోతలు మొదలయ్యే రోజున ముందుగా వీళ్లింటికే మనిషిని పంపేవాడు. పేరు నాంచారమ్మది. గొప్పలు కూడా ఆమెవే. నిజానికి ఆ పట్టు తిరపతమ్మతో మొదలైంది. తాతమ్మ వేళ్లు ఎనభై దాటినా చకచకా కదులుతాయి. ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, రాజ్యలక్ష్మి తప్ప. ఆమె కూడా చాలా ఆలస్యంగా.

రాజ్యలక్ష్మి ఏడో తరగతితో బడి మానేసి తోటలోకి వచ్చింది. కాయని ముట్టుకుని భుజాలు నిండి కోతకొచ్చిందో లేదో చెప్పేది. ముంజేతుల మీద సొన కాల్చిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. పద్దెనిమిదేళ్లకి మేనత్త కొడుకు సాంబయ్యతో పెళ్లయింది. తర్వాత కొన్నేళ్లకి నవ్య పుట్టింది. నవ్యకి నాలుగేళ్లప్పుడు రెండో కాన్పు వచ్చింది.

ఆ కాన్పు గురించి ఆ ఇంట్లో మాట్లాడరు. కడుపు నీటికుండలా పెరిగింది గానీ లోపల బిడ్డ తన్నేది కాదు. "కుదురైన బిడ్డ" అని తాతమ్మ మురిసిపోయింది. మగపిల్లాడు పుట్టాడు. ఏడవలేదు. చేతిలోకి తీసుకుంటే తడిగుడ్డలా వేలాడాడు. నోరు మూతపడేది కాదు, పైపెదవి మధ్యలో గుడారంలా లేచి ఉండేది. పాలు పీల్చడం చేతకాలేదు. బిడ్డ దక్కలేదు. గాలి సోకిందన్నారు. తాతమ్మే గుడ్డలో చుట్టి తోట గట్టుకి తీసుకెళ్లింది. వచ్చి కాళ్లు కడుక్కుని, "నవ్యకి చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు. రేపు దాని సంబంధాలకి అడ్డమొస్తుంది" అంది. నాలుగేళ్ల పిల్లకి ఏం గుర్తుంటుంది? చెప్పలేదు.

నవ్య బళ్లో ఎప్పుడూ నిద్రమొహంతో ఉండేది. కనురెప్పలు సగం వాలి ఉండేవి. పరిగెత్తితే పడిపోయేది. పెన్ను పట్టుకుంటే గంట కొట్టాక కూడా వేళ్లు విప్పుకోలేక కూర్చునేదని పంతులమ్మ చెప్పింది. పదిహేనేళ్లప్పుడు విస్సన్నపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పిల్లని పైకీ కిందకీ చూసి అడిగాడు.

"మేనరికమా?"

"అవునండీ. మా మేనత్త కొడుకే."

"అదే మరి. ఈ అమ్మాయికైనా బయటి సంబంధం చెయ్యండి."

ఆ ఒక్క మాట రాజ్యలక్ష్మికి పదేళ్లు అన్నం పెట్టింది. తప్పు ఫలానా చోట ఉందని తెలిస్తే ఎంత తేలికో. తప్పు పెళ్లిలో ఉంది. పెళ్లి మారిస్తే పోతుంది. అందుకే సాంబయ్య అక్క వచ్చి తన కొడుక్కి నవ్యనివ్వమని అడిగితే మొహమ్మీదే కాదంది. ఏడాది పాటు ఆడపడుచుతో మాటల్లేవు. ఎక్కడో ఉంగుటూరు నుంచి, ఏ చుట్టరికమూ లేని రమేష్‌ని వెతికి తెచ్చింది. బియ్యం మిల్లు వ్యాను నడుపుతాడు, నెమ్మదస్తుడు. పెళ్లిచూపుల్లో నవ్య కాఫీ గ్లాసు అందించి వెంటనే వదల్లేకపోతే రమేష్ తల్లి వింతగా చూసింది. తాతమ్మ అందుకుంది: "మా ఇంటి పట్టమ్మా అది. మా పిల్ల మీవాణ్ణి పట్టుకుందంటే ఇక వదలదు." అందరూ నవ్వారు. రాజ్యలక్ష్మి కూడా నవ్వింది.

పోయిన మే నెలలో ఆ నవ్వు ఆగిపోయింది.

ఆవకాయ రోజు. సాంబయ్య కాయలు కొట్టి పడేస్తున్నాడు. నలుగురాడవాళ్లూ వరసగా కూర్చుని ముక్కలు తుడుస్తున్నారు, జీడి తీసి, టెంక మీది పొర గీకి, పొడిగుడ్డతో. ఆవకాయకని పుట్టింటికొచ్చిన నవ్యకి అప్పుడు నెల తప్పి రెండో నెల. ఆ సంబరంలో మాటలు జోరుగా సాగుతున్నాయి. సాంబయ్య కత్తి పక్కనపెట్టి "ఇక చాల్లే, కాఫీ తాగుదాం" అన్నాడు. నలుగురూ చేతిలో గుడ్డలు వదలబోయారు.

తాతమ్మ గుడ్డ పడేసి లేచింది. తిరపతమ్మ వేళ్లు కాసేపాగి విచ్చుకున్నాయి. రాజ్యలక్ష్మి తన చేతివంక చూసుకుంది. గుడ్డ ఇంకా గుప్పిట్లోనే ఉంది. అది జారేసరికి తాతమ్మ నాలుగడుగులు నడిచేసింది. నవ్య ఇంకా కూర్చునే ఉంది. ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు విప్పుకుంటోంది, ఎవరూ చూడకుండా, కొంగు చాటున.

నాలుగు చేతుల్నీ రాజ్యలక్ష్మి వరసగా చూసింది. నలుగురూ వరసగా ఉండబట్టి కనపడింది గానీ, వేరువేరు ఇళ్లలో ఉంటే ఎప్పటికీ కనపడేది కాదు. తాతమ్మకి కంట్లో పొర వచ్చింది అరవై దాటాక. అమ్మకి యాభైకి. తనకి నలభై రెండుకే ఉచిత కంటి శిబిరంలో ఆపరేషన్ చేశారు, ఇంత చిన్న వయసులోనా అని ఆశ్చర్యపోయారు. అమ్మ వేళ్లు చలికాలంలో బిగుసుకోవడం ఎప్పట్నించి? నవ్య పుట్టాక, నలభై దాటి. తనకి? ముప్ఫై నిండకుండానే, నవ్య బడికెళ్లే రోజుల్లో. నవ్యకి? బళ్లోనే. ఏదో మెట్లు దిగుతూ వస్తోంది. ప్రతి తరానికీ ఇంకాస్త ముందుగా, ఇంకాస్త బరువుగా.

కింది మెట్టు మీద ఎవరున్నారో ఆమె మనసులో కూడా అనుకోలేదు.

ఎవరికీ చెప్పలేదు కూడా. చెప్తే ఏమని చెప్పాలి? బయటి సంబంధం చేస్తే పోతుందన్న మాట పట్టుకుని పిల్లని ఇచ్చింది తనే. చేతి సంగతి తెలిసే ఇచ్చింది. పోయిన పిల్లాడి సంగతి దాచి ఇచ్చింది. "డాక్టరు చెప్పాడుగా" అని రోజూ ఒకసారి తనకి తాను చెప్పుకుని తోటకి వెళ్లేది.

ఏడో నెలలో నవ్య పురిటికొచ్చింది. కడుపు అప్పటికే నిండు చూలాలిలా ఉంది. సాయంత్రాలు పంచలో కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఉండేది.

"ఏంటే, తన్నుతోందా?" అని తిరపతమ్మ.

"ఎక్కడ అమ్మమ్మా. నిన్న మధ్యాహ్నం ఒకసారి కదిలింది. మళ్లీ లేదు."

"కుదురైన బిడ్డ" అంది తాతమ్మ, మంచంలో ఒత్తిగిలి. "నీలాగా కాదు. నువ్వు మీయమ్మ కడుపులో కబడ్డీ ఆడావు."

రాజ్యలక్ష్మి చేతిలో చేట అలాగే ఉండిపోయింది. ఆ మాటే, ఆ గొంతే, ఇరవయ్యేళ్ల కిందట తన పక్కన విన్నది. ముసలామె మొహంలో ఏమైనా కనపడుతుందేమోనని చూసింది. తాతమ్మ కళ్లు మూసుకుని ఉంది. గుర్తులేక అన్నదో, గుర్తుండే అన్నదో తెలియలేదు.

విస్సన్నపేటలో స్కానింగ్ తీస్తే ఉమ్మనీరు కాస్త ఎక్కువుందన్నారు. కాన్పు అక్కడే అని ఇంట్లో ముందే అనుకున్నారు. దగ్గర కాబట్టి ఆటోలో తాతమ్మని తీసుకెళ్లొచ్చు. ఐదో తరాన్ని మొట్టమొదట తన చేతులతో అందుకోవాలని ఆమె కోరిక. ఈ కబురు విని లక్ష్మీనరసింహారావు స్వయంగా వచ్చాడు.

"ఏం తాతమ్మా, ఐదోది కూడా వస్తోందంటగా! పేపరాయనకి చెప్పాను. అయిదుగుర్నీ మన తోటలో చెట్టు కింద కూర్చోబెట్టి ఫొటో తీయిద్దాం. నువ్వు మాత్రం అప్పటిదాకా ఉండాలి."

"నాకేంటి బాబుగారూ, ఆరోదాన్ని కూడా చూసి పోతా."

రాజ్యలక్ష్మి లోపలికి వెళ్లి బిందెలోంచి నీళ్లు ముంచుకుని తాగింది. విస్సన్నపేటలో ఆ చిన్న ఆసుపత్రిలో బిడ్డ ఏడవకపోతే ఊపిరందించే మిషను లేదు. ఆ సంగతి ఆమె ఆసుపత్రి పక్క మందుల షాపులో కూర్చుని అడిగి తెలుసుకుంది. విజయవాడ తీసుకెళ్లాలి. తీసుకెళ్లాలంటే ఎందుకో చెప్పాలి. మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ "కూర ఏం చెయ్యను?" అని ముగించింది.

జనవరి రెండో వారంలో మంచు విపరీతంగా పట్టింది. తోటలన్నీ పూతమీదున్నాయి. ఆ మంచుకి పూత మాడిపోతుందని ఆసాములు తిట్టుకుంటూ తెల్లారకముందే మందు కొట్టిస్తున్నారు. పొద్దున ఏడు దాటినా పదిగజాల అవతల మనిషి కనపడడం లేదు, మందు మిషన్ల మోత ఒక్కటే వినపడుతోంది. రాజ్యలక్ష్మి పెరడు ఊడుస్తోంది. పొయ్యి దగ్గర నవ్య నీళ్లు దించబోవడం చూసి, "నువ్వెందుకే, నేనొస్తున్నా ఉండు!" అని అరిచింది.

అప్పటికే నవ్య మసిగుడ్డతో గిన్నె అంచు పట్టుకుని దించింది. గిన్నె నేలమీద ఆనింది. చెయ్యి మాత్రం అంచు మీదే ఉండిపోయింది.

"అమ్మా."

మొదటి పిలుపు మామూలుగానే ఉంది. రెండోది కీచుగా వచ్చింది. "అమ్మా, చెయ్యి రావట్లా! కాలుతోందమ్మా!"

రాజ్యలక్ష్మి చీపురు పారేసి పరుగెత్తింది. మంచుకి తన చేతులు ముందే కొయ్యబారి ఉన్నాయి. కూతురి వేళ్లు పట్టుకుని లాగింది. లాగిన వేళ్లే బిగుసుకుపోయాయి. కూతురి గుప్పిట గిన్నె మీద, తల్లి గుప్పిట కూతురి గుప్పిట మీద. వదిలితే నవ్య చెయ్యి తీసుకోవచ్చు. వదలడం ఆమె చేతిలో లేదు. తన పట్టే పిల్ల చేతిని వేడిగిన్నెకి అదిమి పెడుతోంది.

తిరపతమ్మ చెంబుతో చన్నీళ్లు తెచ్చింది. "పొయ్యొద్దమ్మా! ఇంకా బిగుస్తుంది!" అని రాజ్యలక్ష్మి అరిచింది. ఆ అరుపుకి తాతమ్మ లేచి వచ్చింది, కర్ర కూడా లేకుండా. ముందు మనవరాలి వేళ్లు, తర్వాత మునిమనవరాలి వేళ్లు ఒక్కొక్కటే లాగి విప్పింది. నలుగురిలోకీ పెద్దదాని చేతులే పనికొచ్చాయి.

నవ్య అరచేయి ఎర్రగా కందిపోయింది. ఏడుపు కాస్త తగ్గాక తల్లివంక చూసి అడిగింది.

"ఇదేనా మీరు చెప్పే గొప్ప? నా కడుపులోది కూడా నాలాగే పుడుతుందా?"

"ఛ, ఊరుకో. పొద్దున్నే ఏం మాటలవి" అంది తాతమ్మ.

రాజ్యలక్ష్మి నేలమీదే కూర్చుని ఉంది. "నీలాగా కాదు" అంది. "నీకంటే ఎక్కువగా రావచ్చు."

"నోరుముయ్యవే రాజ్యం!"

"ఇరవయ్యేళ్లు మూశాను తాతమ్మా. నువ్వు మంచంమీద పడుకో పో." జీవితంలో ఆమె పెద్దామెతో అలా మాట్లాడింది అదే మొదలు. నవ్య వైపు తిరిగింది. "నీకో తమ్ముడు పుట్టాడే. వాడూ కడుపులో కదల్లేదు. పుట్టాక ఏడవలేదు."

చెప్పడం మొదలుపెట్టాక అంతా చెప్పింది. నీటికుండలాంటి కడుపు, తడిగుడ్డలాంటి ఒళ్లు, మూతపడని నోరు. ఆవకాయ రోజున చూసింది కూడా. తిరపతమ్మ వెనక పంచ స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. కడుపు మీద కాలని చెయ్యి వేసుకుని నవ్య చివరిదాకా విని, ఒకటే అడిగింది.

"వాడి పేరేంటి?"

"పెట్టలేదమ్మా."

"నా పెళ్లికి ముందే తెలుసా నీకు?"

"చేతి సంగతి తెలుసు. మిగతాది తెలియనట్టు ఉన్నాను."

నవ్య లేచి లోపలికి వెళ్లి బట్టల సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో ఒక్కొక్కటే తీసి పెడుతోంది. తల్లి సాయం చేయబోతే సంచీ తనవైపు లాక్కుంది.

రాజ్యలక్ష్మి రమేష్‌కి ఫోన్ చేసింది. పది గంటలకి వ్యాను వేసుకుని వచ్చేశాడు. పంచలో నిలబడి, చెప్పులు విడవకుండానే, అన్నీ విన్నాడు. మొహం రంగు మారింది గానీ గొంతు పెంచలేదు.

"విజయవాడలో డాక్టరుకి ఇదంతా నేను చెప్పలేను అత్తయ్యా. మీరే వచ్చి చెప్పాలి."

"వస్తా నాయనా."

"మా అమ్మకి మాత్రం ఇప్పుడే తెలియనివ్వకండి. కాన్పయ్యాక చూద్దాం."

రాజ్యలక్ష్మి అతని మొహంలోకి చూసింది. దాచడం తను ఎక్కడ మొదలుపెట్టిందో అతనూ అక్కడే మొదలుపెడుతున్నాడు. "నేను చెప్పను బాబూ. నువ్వు చెప్పు. కానీ రేపటిదాకా ఆగొద్దు" అంది. అతను వ్యాను తలుపు తీశాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నవ్యని పరీక్ష చేశాక రాజ్యలక్ష్మిని కూర్చోమంది. "గుప్పిట బిగించండి. ఇప్పుడు తెరవండి" అంటూ గోడ గడియారం వైపు చూసింది. వేళ్లు పూర్తిగా తెరుచుకున్నాక అడిగింది.

"మీ అమ్మగారు ఉన్నారా?"

"ఉందండీ."

"ఆవిడ తల్లిగారు?"

"ఆమె కూడా ఉందండీ."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అందరూ ఉన్నారన్నమాట" అంది. ఇన్నేళ్లలో ఆ మాట అన్న ప్రతివాళ్లూ నవ్వుతూ అన్నారు. ఈవిడ నవ్వలేదు.

కండరాల జబ్బమ్మా అని చెప్పింది. రక్తంలో ఉంటుంది. తల్లి నుంచి బిడ్డకి సగానికి సగం వచ్చే వీలుంది, వస్తే కిందకి పోయేకొద్దీ ముందుగా, గట్టిగా వస్తుంది. రక్తపరీక్షకి పంపుతున్నాం. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. రాజ్యలక్ష్మికి ఆడపడుచు మొహం గుర్తొచ్చింది. ఏడాది పాటు మాటల్లేకుండా చేసుకున్నది దేనికోసం?

"ముందే వచ్చారు కాబట్టి బిడ్డ పుట్టగానే ఊపిరి అందించేవాళ్లు పక్కనే సిద్ధంగా ఉంటారు. అంతవరకే నేను చెప్పగలను" అంది డాక్టరమ్మ.

తొమ్మిదో రోజున ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తలుపు బయట నిలబడ్డ రాజ్యలక్ష్మి చెవులు రిక్కించి విన్నది. ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో పరుగెత్తిన చప్పుడు. ఏడుపు మాత్రం రాలేదు. గాజుగదిలో పెట్టారు. నోట్లో గొట్టం, దానికి ఒక మిషను. ఛాతీ పైకి లేస్తోంది, దిగుతోంది. లేపుతున్నది పిల్లో, మిషనో తెలీదు.

నాలుగో రోజున డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం తెచ్చి, అనుకున్నదేనని చెప్పింది. పిల్ల సంగతి ఇంకా చెప్పలేమంది. వెళ్లబోతూ ఆగింది.

"మీ తాతమ్మగారికి ఇంకా పిల్లలున్నారా?"

"ఇంకో కూతురుండేదండీ, మా పిన్ని. పోయింది. ఆమె కూతురు నాగమణి విస్సన్నపేటలో ఉంటుంది."

"ఆవిడకి ఆడపిల్లలు?"

"ఒక్కతే. సాయి ప్రియ. డిగ్రీ అయింది. వచ్చే బుధవారం తాంబూలాలు."

డాక్టరమ్మ కాగితం మీద ఒక ఫోన్ నెంబరు రాసి ఇచ్చి, వాళ్లని కూడా రమ్మనండి అని వెళ్లిపోయింది.

నవ్య చక్రాల కుర్చీలో గాజు దగ్గర ఉంది. నాలుగు రోజులుగా తల్లితో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు కూడా తల తిప్పకుండానే అంది.

"ఫోన్ చెయ్యి."

"తాంబూలాలయ్యాక చేస్తే..."

"నాకు కూడా అలాగే అనుకున్నావుగా."

రాజ్యలక్ష్మి వరండా చివరికి వెళ్లి ఫోన్ తీసింది. రెండుసార్లు మోగకముందే నాగమణి ఎత్తింది. వెనక పాటలు, ఎవరివో నవ్వులు.

"అక్కా! చెప్పవే! మనవరాలంటగా! మిఠాయి ఏదే? ఇక్కడ చీరలు తెచ్చి చూపిస్తున్నారు, సాయి ప్రియకి ఏదీ నచ్చి చావట్లా..."

"మణీ, కాస్త పక్కకి రా."

"ఏంటే ఆ గొంతు? పిల్ల బాగుందా?"

"సాయి ప్రియ జడ వేసుకున్నాక దువ్వెన వెంటనే వదులుతుందా?"

అటువైపు పాటలు వినపడుతూనే ఉన్నాయి. ఒక తలుపు మూసిన చప్పుడైంది, పాటలు ఆగాయి. నాగమణి గొంతు బాగా తగ్గిపోయింది.

"నీకెవరు చెప్పారక్కా?"